ముప్పదితొమ్మిది అంకెల ప్రధానసంఖ్య

సంఖ్యలలో విడదీయ వీలైనవి కొన్ని, వీలుకానివి కొన్ని. 15ను 3, 5 అను రెండు చిన్న సంఖ్యల గుణకారఫలముగా విడదీయవచ్చును. 17ను అట్లు విడదీయలేము. ఒకటియు, పదునేడును దప్ప వేఱొక సంఖ్య యేదియు దానిని శేషము లేకుండ భాగింపదు. ఇట్టి వానికి ప్రధానసంఖ్యలని పేరు. 2, 3, 5, 7, 11, 13, 17, 19 - ఇవి ఆ కోవలో మొదటివి. రసాయనశాస్త్రజ్ఞులకు మూలద్రవ్యము లెట్టివో గణితజ్ఞులకు ప్రధానసంఖ్య లట్టివి. ఒకటికంటె పెద్దవియగు తక్కిన సంఖ్యలన్నియు వీని గుణకారముచేతనే యేర్పడుచున్నవి. వీనికి అంతము లేదని యూక్లిడ్ అను గ్రీకు పండితుఁడు క్రీస్తునకు పూర్వము సుమారు 300వ సంవత్సరముననే నిరూపించెను.

అంతము లేదని తెలియుట వేఱు. ఒక పెద్ద సంఖ్యను వ్రేలితో చూపి, ఇది ప్రధానసంఖ్యయే యని నిశ్చయముగా చెప్పుట వేఱు. మొదటిదానికి ఒక చక్కని తర్కము చాలును. రెండవదానికి ఆ సంఖ్యతోనే పోరాడవలెను. అట్లు పోరాడి గెలువఁబడిన ఒక సంఖ్యను గుఱించి నేఁడు ముచ్చటింపఁదలఁచితిని. ఆ సంఖ్య యిది:

17,01,41,18,34,60,46,92,31,73,16,87,30,37,15,88,41,05,727.

ఇందు ముప్పదితొమ్మిది అంకె లున్నవి. దీనిని నోటితో చదువుటకు మన కోట్లు చాలవు. కాని దీని పుట్టుక మాత్రము మిక్కిలి సులభము. చదరంగమును కనిపెట్టినవాఁడు రాజు నడిగిన బహుమానపు కథ మనలో ననేకు లెఱిఁగినదే. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూఁడవ గడిలో నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టింపు చేయుచు పోయినచో, అఱువదినాలుగు గడులు నిండునప్పటికి మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలగును. ఆ పలకకు 64 గడులకు బదులు 127 గడు లున్నవనుకొనుఁడు. అప్పుడు కావలసిన గింజల మొత్తమే పైని చెప్పిన మన సంఖ్య. రెండును 127 మాఱులు వ్రాసి అన్నిటిని గుణించి, వచ్చిన ఫలమునుండి ఒకటి తీసివేసినను ఇదియే వచ్చును. క్లుప్తముగా దీనిని 2¹²⁷ - 1 అని వ్రాయుదురు.

మఱి 64 గడుల మొత్తము ప్రధానసంఖ్య యగునా? కాదు. అది ఐదుతో ముగియుచున్నదిగాన, ఐదు దానిని భాగించును. ఇంతకంటె లోతైన కారణము కూడ నున్నది. చిన్న పలక నొకదానిని తీసికొందము. ఆఱు గడులలోని గింజలు 1, 2, 4, 8, 16, 32, మొత్తము 63. ఈ గడులను మూఁడేసి చొప్పున రెండు గుంపులు చేయుఁడు. మొదటి గుంపున 1, 2, 4 కలిసి 7. రెండవ గుంపున 8, 16, 32. ఈ రెండవ గుంపు మొదటిదానికి సరిగా ఎనిమిది రెట్లు. కావున మొత్తము 7ను 9తో గుణించిన ఫలము. ఇట్లే గడుల లెక్కను సమానమైన గుంపులుగా విభజింప వీలున్నపుడెల్ల గింజల మొత్తమును విడిపోవును. కావున మొత్తము ప్రధానసంఖ్య కావలెనన్నచో మొదట గడుల లెక్కయే ప్రధానసంఖ్య కావలెను. 127 అట్టిది.

అయినను అంతమాత్రముచేత పని తీరదు. పదునొకండు ప్రధానసంఖ్యయే. కాని పదునొకండు గడుల మొత్తమగు 2047, 23ను 89తో గుణించిన ఫలము. అందుచేత గడుల లెక్క ప్రధానసంఖ్య యగుట అవసరమే కాని, చాలినది కాదు.

ఈ మార్గమున మొదట ప్రసిద్ధి కెక్కినవాఁడు పారిసు నగరపు సన్న్యాసి మారిన్ మెర్సెన్. 1644లో ప్రకటించిన గ్రంథమున నాతఁడు, 257 వఱకు గల గడుల లెక్కలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అను పదునొకటి మాత్రమే ప్రధానసంఖ్యల నిచ్చునని వ్రాసెను. ఎట్లు తెలిసెనో చెప్పలేదు. అంత పెద్ద సంఖ్యలను పరీక్షించు సాధనము నాఁ డెవ్వరియొద్దను లేదు. కావున ఆ పట్టిక ఒక సవాలువలె లోకమున నిలిచిపోయెను. 31 విషయము సరియేయని 1772లో ఆయిలర్ మహాశయుఁడు నిరూపించెను. ఆ తరువాత నూఱేండ్లు ఈ జాతికి చెందిన క్రొత్త ప్రధానసంఖ్య నెవ్వరును స్థిరపఱుపలేదు.

ఎందుచేత? సంఖ్య ప్రధానమో కాదో తెలిసికొనుటకు మన మందఱము ఎఱిఁగిన మార్గము, చిన్న ప్రధానసంఖ్యలచేత వరుసగా భాగించి చూచుట. దాని వర్గమూలము వఱకు భాగించిన చాలును. మన సంఖ్య వర్గమూలము ఇంచుమించుగా 13 ప్రక్కను 18 సున్నలు. అంతలోపల నున్న ప్రధానసంఖ్యలు సుమారు 3 ప్రక్కను 17 సున్నలు. నిద్రాహారములు మాని సెకండునకు ఒక భాగహారము చొప్పున చేసినను, తొమ్మిదివందల కోట్ల సంవత్సరములకు మించిన కాలము పట్టును. భూమి పుట్టి సుమారు 450 కోట్ల సంవత్సరములు మాత్రమే యైనది. అనఁగా భూమి పుట్టిననాఁడు ఈ లెక్క ప్రారంభించినవాఁడు నేఁటికి సగము కూడ ముగింపఁడు.

అయినను 1876లో ఒక ఫ్రెంచి యుపాధ్యాయుఁడు, కాగితమును కలమును తప్ప వేఱు సాధనము లేక, ఈ సంఖ్య ప్రధానసంఖ్యయే యని ప్రకటించెను. ఆయన పేరు ఎదువార్ లూకా. 1842లో ఆమియా నగరమున జన్మించిన ఈయన భాగహారములు చేయనే లేదు. ఒక భాజకమునైనను వెదకక, భాజకము లేదని తేల్చెను. ఇదియే ఈ కథలోని కీలకము.

లూకా ఆధారముగాఁ గొనిన సంఖ్యాశ్రేణి మనకు క్రొత్తది కాదు. ఛందస్సు చదివినవారు లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలని యెఱుఁగుదురు. ఒక మాత్రను ఒకే విధముగా నింపవచ్చును. రెండు మాత్రలను రెండు లఘువులతోనో, ఒక గురువుతోనో, రెండు విధముల నింపవచ్చును. మూఁడు మాత్రలను మూఁడు విధముల, నాలుగింటిని ఐదు విధముల, ఐదింటిని ఎనిమిది విధముల నింపవచ్చును. ప్రతి సంఖ్యయు దానికి ముందున్న రెండింటి మొత్తము. చివర లఘువున్న వన్నియు ఒక మాత్ర తక్కువగల వానినుండియు, చివర గురువున్న వన్నియు రెండు మాత్రలు తక్కువగల వానినుండియు వచ్చుటయే దీనికి కారణము. విరహాంకుఁడు, హేమచంద్రుఁడు మొదలగు మన ఛాందసికులు దీనిని గుర్తించిరి. ఐరోపాలో దీనికి, 1202లో గ్రంథము వ్రాసిన పీసా నగరవాసి ఫిబొనాచ్చి పేరు వచ్చినది. అచ్చటి వాడుకలో శ్రేణి మొదట మఱియొక ఒకటి చేర్చి 1, 1, 2, 3, 5, 8, 13, 21 అని వ్రాయుదురు.

ఈ శ్రేణిలో ఎనిమిదవ స్థానమున 21 ఉన్నది. 7 దానిని భాగించును. అందులో సగమగు నాల్గవ స్థానమున 3 ఉన్నది. 7 దానిని భాగింపదు. ఇది యాదృచ్ఛికము కాదు. ఒక సంఖ్యకు ఒకటి చేర్చినచో కేవలము రెండ్ల గుణకారఫలము వచ్చుచున్నదనుకొనుఁడు. 7నకు ఒకటి చేర్చిన 8 వచ్చినట్లు. ఆ సంఖ్య శ్రేణిలో అట్లు వచ్చిన స్థానమునందలి పదమును భాగించుచు, సగము స్థానమునందలి పదమును భాగింపకున్నచో, అది ప్రధానసంఖ్య కాక తప్పదని లూకా సిద్ధాంతము. 127నకు ఒకటి చేర్చిన 128. ఆ స్థానమునందలి పదమును 127 భాగించును, 64వ పదమును భాగింపదు. మన పెద్ద సంఖ్యకు ఒకటి చేర్చినచో 2¹²⁷. ఆ స్థానమునందలి పదము ఎంత పెద్దదో ఊహకు కూడ నందదు. కాని దానిని వ్రాయ నక్కఱలేదు. దానిని భాగించినపుడు వచ్చు శేషము తెలిసిన చాలును. శ్రేణిలో ఒక స్థానమునుండి దానికి రెట్టింపు స్థానమునకు ఒక్క గంతులో పోవు సూత్ర మున్నది. ఏడు గంతులలో 128వ స్థానము చేరుదుము. నూటయిరువదియేడు గంతులలో 2¹²⁷వ స్థానము చేరుదుము. తొమ్మిదివందల కోట్ల సంవత్సరముల పని నూటయిరువదియేడు మెట్లకు దిగినది.

ఈ పరీక్షకు సర్వసాధారణమైన రూపమును, లోపము లేని నిరూపణమును సమకూర్చినవాఁడు అమెరికా గణితజ్ఞుఁడు లెహ్మర్. 1930 మొదలు ఆయన చేసిన కృషివలన ఆ పద్ధతి బడిపిల్లలు కూడ చేయఁదగినంత సులభమైనది. 4తో ప్రారంభింపుఁడు. దానిని వర్గుచేసి రెండు తీసివేయుఁడు. పరీక్షింపఁదలఁచిన సంఖ్యచేత భాగించి శేషమును మాత్రము ఉంచుకొనుఁడు. ఆ శేషమును మరల వర్గుచేసి రెండు తీసివేయుఁడు. గడుల లెక్కకంటె రెండు తక్కువ మాఱులు ఇట్లు చేసిన పిమ్మట శేషము సున్న వచ్చినచో ఆ సంఖ్య ప్రధానము, రానిచో కాదు. రెండింటికంటె పెద్దదియగు ప్రతి ప్రధానసంఖ్యా గడుల లెక్కకును ఇది చెల్లును.

ఐదు గడుల మొత్తమగు 31ని చూతము. మూఁడు మాఱులు చేయవలెను. 4 వర్గము 16. రెండు తీసిన 14. 14 వర్గము 196; రెండు తీసిన 194; 31చేత భాగించిన శేషము 8. 8 వర్గము 64. రెండు తీసిన 62. 31చేత భాగించిన శేషము సున్న. 31 ప్రధానసంఖ్య. ఇఁక పదునొకండు గడుల 2047ను ఇట్లే తొమ్మిది మాఱులు నడిపినచో వరుసగా 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వచ్చును. చివరిది సున్న కాలేదు గావున 2047 ప్రధానసంఖ్య కాదు.

ఇందు మఱియొక సౌకర్య మున్నది. తొమ్మిదిచేత భాగించిన శేషమును తెలిసికొనుటకు మనము భాగహారము చేయము, అంకెలను కూడుదుము. పది తొమ్మిదికంటె ఒకటి యెక్కువ యగుటయే దానికి కారణము. 32 కూడ 31కంటె ఒకటి యెక్కువ. 194లో 32లు ఆఱు, మిగిలినది రెండు. ఆఱును రెండును కూడిన ఎనిమిది. పైని వచ్చిన శేష మిదియే కదా! కాఁబట్టి సంఖ్యలను సున్నలు, ఒకట్లుగా రెండ్ల మానములో వ్రాసినచో, ఈ జాతి సంఖ్యలచేత భాగించుట యనఁగా పొడవైన వరుసను మడిచి, పై భాగమును క్రింది భాగముతో కూడుటయే. లూకా ఈ లెక్కను చదరంగపు పలకవంటి గడుల పలకమీఁద ఆటవలె నడుప వీలగునని వర్ణించెను. అంతమాత్రముచేత శ్రమ లేదనుకొనరాదు. ప్రతి మెట్టునను ముప్పదితొమ్మిది అంకెల వఱకు గల సంఖ్యను వర్గు చేయవలెను. ఒక్కచోట ఒక్క అంకె తప్పినను తుదిని వచ్చునది అసత్యమే. 1914లో ఫోకెంబెర్గ్ అను మఱియొక ఫ్రెంచివాఁడు ఆ లెక్కను మరల చేసి, లూకా చెప్పినది నిజమే యని స్థిరపఱచెను.

ఆ సంవత్సరమే, అనఁగా 1876లోనే, లూకా మెర్సెన్ పట్టికలోని 67ను కూడ ఇట్టి పద్ధతితో పరీక్షించెను. ఫలము వ్యతిరేకముగా వచ్చెను: 2⁶⁷ - 1 ప్రధానసంఖ్య కాదు. అయినచో దాని కారణాంకము లేవి? లూకా చెప్పలేదు, ఆ పరీక్ష చెప్పలేదు. ఆ సంఖ్య విడిపోవునని తెలిసియు, ఏ యే ముక్కలుగా విడిపోవునో లోకమునకు ఇరువదియేడు సంవత్సరములు తెలియలేదు. 1903లో న్యూయార్కున అమెరికా గణితసంఘపు సమావేశమున ఫ్రాంక్ నెల్సన్ కోల్ అను ఆచార్యుఁడు ఆ ముక్కలను బయటపెట్టెను: 19,37,07,721ను 7,61,83,82,57,287తో గుణించినచో 14,75,73,95,25,89,67,64,12,927. ఇదియే 2⁶⁷ - 1. ఆయన ఒక్క మాటైనను పలుకక ఆ గుణకారమును నల్లబల్లమీఁద వ్రాసి కూర్చుండెనని చెప్పుదురు. మెర్సెన్ పట్టికలో 257 కూడ తప్పే యని తరువాత తేలినది. 61, 89, 107 అనువానిని ఆయన విడిచిపెట్టెను. 1947 నాఁటికి ఆ పట్టిక యంతయు పరీక్షింపఁబడినది. పదునొకటిలో రెండు తప్పులు, మూఁడు లోపములు. కాని 127 విషయమున మాత్రము ఆ సన్న్యాసి మాట నిలిచినది.

మన సంఖ్యకు మఱికొన్ని చిత్రములైన గుణములున్నవి. 6 యొక్క భాజకములు 1, 2, 3. వీనిని కూడిన మరల 6. 28 యొక్క భాజకములగు 1, 2, 4, 7, 14 కూడిన 28. ఇట్టివి పరిపూర్ణసంఖ్యలు. మన జాతి ప్రధానసంఖ్యను, పలకమీఁది చివరి గడిలోని గింజల లెక్కతో గుణించినచో పరిపూర్ణసంఖ్య వచ్చునని యూక్లిడే చెప్పెను. మూఁడు గడుల మొత్తము 7, చివరి గడిలో 4, గుణించిన 28. సరిసంఖ్యలలో పరిపూర్ణమైనవన్నియు ఇట్లే పుట్టునని ఆయిలర్ నిరూపించెను. 2¹²⁷ - 1 నుండి పుట్టిన పరిపూర్ణసంఖ్యలో 77 అంకె లుండును. పరిమాణక్రమములో అది పండ్రెండవది.

మఱియొక చిత్రము: రెండు గడుల మొత్తము 3, మూఁడు గడుల మొత్తము 7, ఏడు గడుల మొత్తము 127, నూటయిరువదియేడు గడుల మొత్తము మన సంఖ్య. అన్నియు ప్రధానసంఖ్యలే. ఇఁక మన సంఖ్య యెంతయో అన్ని గడులు గల పలకను తలఁచుకొన్నచో, దాని మొత్తము ప్రధానసంఖ్య యగునా? దాని అంకెలను వ్రాసికొనుటకే భూమిమీఁద చోటు చాలదు. ఈ ప్రశ్నకు ఇంతవఱకు సమాధానము లేదు.

లూకా 1883లో ఒక ఆటవస్తువును కూడ లోకమున కిచ్చెను. మూఁడు మేకులు, ఒకదానిపై నొకటిగా పెద్దనుండి చిన్న వఱకు పేర్చిన బిళ్లలు. ఒకసారికి ఒక్క బిళ్లనే కదపవలెను, చిన్నదానిపై పెద్దది పెట్టరాదు. కాశీలోని ఒక ఆలయమున బ్రాహ్మణులు అఱువదినాలుగు బంగారు బిళ్లలను ఇట్లు మార్చుచున్నారని ఫ్రాన్సులో ఒక కల్పితకథ కూడ దానితో వ్యాపించెను. బిళ్లలు 127 ఉన్నచో, వానిని ఒక మేకునుండి మఱియొక మేకునకు మార్చుటకు కావలసిన కనీసపు కదలికలు సరిగా మన సంఖ్యయే.

చేతిలెక్కలతో ప్రధానమని స్థిరపఱుపఁబడిన సంఖ్యలలో ఇంతకంటె పెద్దది లేదు. డెబ్బదియైదు సంవత్సరములు ఇదియే తెలిసిన ప్రధానసంఖ్యలలో పెద్దదిగా నుండెను. 1951లో యంత్రములు దీనిని దాటినవి. ఆ సంవత్సరమున ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎలక్ట్రానిక్ గణకయంత్రముచేత కనుఁగొనఁబడిన 79 అంకెల ప్రధానసంఖ్య, మన సంఖ్యను వర్గుచేసి, 180తో గుణించి, ఒకటి చేర్చగా వచ్చినది. పాతదానిని జయించిన క్రొత్తది పాతదాని భుజములమీఁదనే నిలిచినదన్నమాట. 1952లో అమెరికాలో మఱియొక యంత్రము 521, 607 అను గడుల లెక్కలు ప్రధానసంఖ్యల నిచ్చునని చూపెను. 2024లో కనుఁగొనఁబడిన దానికి గడులు 13,62,79,841, అంకెలు 4,10,24,320. దానిని కూడ తుదకు స్థిరపఱచినది లూకా, లెహ్మరుల పరీక్షయే.

ఇందువలన లోకమునకు ఉపయోగ మేమని అడుగవచ్చును. 67 కథను మరల తలఁచుకొనుఁడు. సంఖ్య విడిపోవునో లేదో తెలిసికొనుట సులభము, విడఁగొట్టుట దుర్ఘటము. ఈ యంతరముమీఁదనే 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు అమెరికాలో ఒక గుప్తలేఖనపద్ధతిని నిర్మించిరి. రెండు పెద్ద ప్రధానసంఖ్యలను రహస్యముగా నెన్నుకొని, వాని గుణకారఫలమును మాత్రము బహిరంగముగ ప్రకటింతురు. ఆ ఫలమును విడదీయలేనివానికి ఉత్తరము చదువుట సాధ్యము కాదు. బ్యాంకులలోని సొమ్మును, తంత్రులమీఁద పోవు రహస్యవార్తలను కాపాడుటలో ఈ తరగతి పద్ధతులకు పెద్ద పాత్ర కలదు. మన సంఖ్య అందఱకు తెలిసినదిగాన రహస్యముగా పనికిరాదు. కాని మడిచి కూడుట యను సుగుణ ముండుటచేత, లెక్క వేగముగా సాగుటకై 2015లో ప్రతిపాదింపఁబడిన వేఱొక గుప్తలేఖనపద్ధతి దీనినే పునాదిగా గ్రహించెను.

లూకా పరీక్ష ఒక ప్రత్యేకజాతి సంఖ్యలకు మాత్రమే చెల్లును. ఏ సంఖ్య నిచ్చినను, ఎట్టి ఊహలపైనను ఆధారపడక, నిశ్చయముగా, శీఘ్రముగా తేల్చు పద్ధతి కలదని 2002లో నిరూపించినవారు మన దేశపువారే: కాన్పూరు సాంకేతికవిద్యాసంస్థకు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. వారి పద్ధతియు సంఖ్య విడిపోవునో లేదో మాత్రమే చెప్పును, ముక్కల నీయదు. సాధారణ గణకయంత్రములచేత పెద్ద సంఖ్యలను శీఘ్రముగా విడఁగొట్టు మార్గము కలదా, లేదా యన్నది నేఁటికిని తీరని ప్రశ్న. తీరువఱకు మన రహస్యములకు అదియే కాపు.